గుట్ట మీది డబ్బా, గోదారి ఝరి

2000 సంవత్సరం మే 1 దాకా మామూలు జనం చేతుల్లోని జీపీఎస్ యంత్రాలు వంద మీటర్ల వరకు తప్పు చూపేవి. లోపం యంత్రాలది కాదు, అమెరికా సైన్యమే తన ఉపగ్రహాల సంకేతాన్ని కావాలని కొంత చెడగొట్టి వదిలేది. ఆ రాత్రి అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ పని ఆగింది. తేడా ఒక్కసారిగా పది ఇరవై మీటర్లకు దిగింది. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర డేవ్ అల్మర్ ఒక నల్ల బకెట్‌ను చెట్ల మధ్య సగం దాకా నేలలో దించాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక గులేరు, ఒక చిక్కుడుగింజల డబ్బా పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో అందరికీ చెప్పాడు. కొద్దిరోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నాడు. జియోకాషింగ్ పుట్టింది అట్లా. ఇవాళ 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు మించి ఇలాంటి డబ్బాలు దాగి ఉన్నాయి.

ఆట ముఖ్య నియమాలు మూడు. ఏదైనా తీసుకుంటే అంత విలువైనదే మళ్లీ పెట్టాలి. లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. డబ్బాను దొరికిన చోటే, దొరికిన తీరుగానే దాచి రావాలి. నాకు మూడోదే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. వెతకడానికి ఓపిక కావాలి. దొరికినదాన్ని రేపు వచ్చే ముక్కు మొహం తెలియని మనిషి కోసం మళ్లీ పదిలంగా దాచడానికి ఇంకేదో కావాలి. కరీంనగర్, ఆదిలాబాద్ గుట్టల్లో ఆ గుణానికి చాలా పాత సాక్ష్యాలున్నాయి.

*

ఇంగ్లండులో ఈ ఆటకు ఒక తాత ఉన్నాడు. 1854లో డార్ట్‌మూర్ అనే బీడు కొండల్లో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు, నడవడానికి మహా కష్టమైన క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అంతదూరం వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి పోయేవాళ్లు. ఉపగ్రహాలు లేవు, యంత్రాలు లేవు. దారి తెలిసిన మనిషి చెప్పాలి, కాళ్లు నడవాలి.

*

కాళ్లు నడవడం అంటే కేస్లాపూర్ గురించి చెప్పాలి.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి సర్పదేవత నాగోబాకు మహాపూజ జరుగుతుంది. జాతరకు లక్షల మంది వస్తారు, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. దానికి ఎంతో ముందు మొదలయ్యే నడకను చూసేవాళ్లు తక్కువ. రాజ్‌గోండుల్లో మెస్రం వంశీయులు ఝరి అనే పాత్ర పట్టుకుని, చెప్పుల్లేకుండా, తెల్లబట్టలు కట్టి, అడవి దారుల్లో గోదావరికి బయలుదేరుతారు. వాళ్లు చేరాల్సిన చోటు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు. గోదావరి ఒడ్డు అక్కడ మాత్రమే ఉందా అంటే లేదు. కేస్లాపూర్‌కు సులభమైన రేవులు వేరే ఉన్నాయి, ఇవాళైతే బస్సెక్కి పోయి క్యాను నింపుకుని రావచ్చు. కానీ నీళ్లు ఆ మడుగువే కావాలి, నడిచి వెళ్లే తేవాలి. రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది.

దారి కాగితం మీద లేదు. పెద్దలు ముందు నడుస్తారు, పిల్లలు వెనక నడిచి నేర్చుకుంటారు. ఏ గూడెంలో మకాం, ఏ ఊరివాళ్లు అన్నం పెడతారు, ఏ వాగు ఎక్కడ దాటాలి అన్నవన్నీ తరం నుంచి తరానికి కాళ్ల మీదుగా అందినవే. తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ పొలిమేరలోని మర్రిచెట్టు కిందికి చేరుతారు. తెచ్చిన గంగాజలాన్ని ఆ మర్రి మీద భద్రపరిచి, మహాపూజ దాకా అందరూ చెట్టు కిందే ఉంటారు. ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం.

ఇదే జాతరలో ఇంకో వస్తువు కూడా దూరం నుంచే రావాలి. పూజకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులే చేయాలి. మెస్రం పెద్దలు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి, చేయమని చెప్పి వస్తారు. ఇక వంటల సంగతి. వేలాది మెస్రం కుటుంబాలు వచ్చినా గుడి దగ్గర నిర్ణయించిన చోట 22 పొయ్యిల మీదే వండుకుంటారు, పొయ్యి కోసం తమ వంతు వచ్చేదాకా కాచుకుని కూర్చుంటారు. కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. పెళ్లయి వచ్చిన కోడలు అది అయ్యాకే వంశంలో మనిషి.

ఆట వేరు, ఆరాధన వేరు. నాగోబా నడకను జియోకాషింగ్‌తో కలిపేయడం నాకు ఇష్టం లేదు. చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక నిర్దిష్టమైన చోటు నుంచి ఒక నిర్దిష్టమైన వస్తువును, దారి గుర్తుపెట్టుకుని, నియమం తప్పకుండా నడిచి తెచ్చే విద్య ఈ అడవులకు కొత్తగా ఎవరూ నేర్పాల్సింది కాదు.

*

కరీంనగర్ పట్టణం దాదాపు 18 డిగ్రీల 26 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆదిలాబాద్ 19 డిగ్రీల 40 నిమిషాల మీద. ఆటలో దాచిన డబ్బాను కాష్ అంటారు. దాని చిరునామాలో నిమిషం తర్వాత మూడు దశాంశ స్థానాలు ఇస్తారు. ఒక నిమిషం అక్షాంశం అంటే నేల మీద దాదాపు 1,850 మీటర్లు. దానిలో వెయ్యో వంతు 1 మీటరు 85 సెంటీమీటర్లు, అంటే కొంచెం పొడగరి మనిషి పడుకున్నంత. రేఖాంశంలో అదే వెయ్యో వంతు మన దగ్గర 1 మీటరు 75 సెంటీమీటర్లే, ఎందుకంటే భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి పోయినకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. చివరి అంకె ఒకటి తప్పు రాసుకుంటే పెద్ద నష్టం లేదు. దశాంశ బిందువుకు ముందున్న అంకె తప్పితే మాత్రం వేరే గుట్ట ఎక్కుతారు.

*

విశాలమైన ఆకాశం కింద మామూలు ఫోను ఐదు మీటర్ల లోపు చోటు చెప్పగలదు. అదే ఫోనును కుంటాల జలపాతం కింది లోయలోకి తీసుకెళ్తే లెక్క తప్పుతుంది. ఉపగ్రహ సంకేతం నిటారు బండకు తగిలి పక్కకు మళ్లి వస్తుంది. ఆ అదనపు దూరాన్ని ఫోను నిజమే అనుకుంటుంది. వానాకాలంలో తడిసిన టేకు ఆకులు సంకేతాన్ని ఇంకా బలహీనం చేస్తాయి. మాఘం, ఫాల్గుణం నాటికి టేకు ఆకు రాలి ఆకాశం బయటపడుతుంది. వెతకడానికి అదే మంచి కాలం. అయితే ఎండాకు నేల మీద పాము కదిలితే వినిపిస్తుంది గానీ కనిపించదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా పోయే ప్రాంతం ఇది, బండలు కాలుతుంటే గుట్టలెక్కే పని పెట్టుకోకూడదు. జనవరి తెల్లవారుజామున అదే ఆదిలాబాద్‌లో ఐదు డిగ్రీల కన్నా దిగిన రోజులున్నాయి.

*

మన గుట్టల మీద చోటు గుర్తించి రాయి పాతే పని రెండు వందల ఏళ్ల కిందే జరిగింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రిభుజ సర్వే హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగింది. ఎత్తైన గుట్ట ఎంచుకోవాలి, మీద చెట్లు కొట్టి చూపు తెరవాలి, గుర్తు రాయి పెట్టాలి, అక్కడి నుంచి తక్కిన గుట్టల మీది జెండాలను కొలత యంత్రంతో చూడాలి. తర్వాత ఎన్నేళ్లకైనా ఇంకొకరు వచ్చి అదే బిందువును కనుక్కోగలగాలి. లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చిన జార్జ్ ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారు. వానాకాలపు అడవి జ్వరం ఆయన్ని ఎంత దెబ్బ తీసిందంటే, కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణ కొస దాకా ఓడెక్కి పోవాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పేరైన మనిషిని పడగొట్టింది మన తెలుగు అడవి దోమ. లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాదు నుంచి నాగపూర్ పోతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి 44వ జాతీయ రహదారి మీద నాగపూర్ వైపు పోతే ఆ ఊరు వస్తుంది. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది.

*

డబ్బాను ఎట్లా పసిగడతారు? ఆరితేరినవాళ్లు డబ్బా కోసం చూడరు, ప్రకృతి చేయని పని కోసం చూస్తారు. అడవిలో పుల్లలు ఒకే దిక్కుకు వరసగా పడవు. రాళ్లు ఒకే సైజువి ఒకచోట కుప్పపడవు. బండ సందులో నాచు లేని రాయి ఒక్కటే ఉంటే దాన్ని ఈమధ్య ఎవరో కదిపారన్నమాట. గొర్రెల కాపరులకు, తునికాకు ఏరేవాళ్లకు ఈ చూపు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. నిన్న లేని మడత ఇవాళ గడ్డిలో కనిపిస్తే వాళ్ల కాలు అక్కడే ఆగుతుంది.

సందులో నేరుగా చేయి పెట్టకూడదు. ముందు కర్రతో తట్టాలి, తర్వాత లైటు వేసి చూడాలి, ఆ తర్వాతే చేయి. తేలు, కట్లపాము, రక్తపింజర అన్నీ మనం వెతికే చోట్లలోనే చల్లదనం కోసం చేరతాయి. రాయిని ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టి మన వైపుకు లేపాలి. అప్పుడు కింద ఏదున్నా దాని దారి అవతలికి ఉంటుంది. నిటారు బండలకు వేలాడే పెద్ద తేనెపట్ల కింద పొగ పెట్టడం, సెంటు పూసుకుని తిరగడం, అరవడం ప్రాణాల మీదికి తెస్తాయి.

అల్మర్ బకెట్‌లో చిక్కుడుగింజల డబ్బా పెట్టాడు గానీ, ఇప్పుడు కాష్‌లో తినే వస్తువు పెట్టడం నిషేధం. మూత ఎంత బిగించినా ఎలుగుబంటి ముక్కును మోసం చేయలేం. అడవి పంది, కొండముచ్చు కూడా తక్కువవి కావు. ప్లాస్టిక్ నమిలిన జంతువుకు ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

*

గుట్ట మీద దాచిన వస్తువు అనగానే మన ఊళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది గుప్తనిధి. ఈ ఒక్క ఆశ తెలంగాణ కోటలకు, పాత గుళ్లకు చేసిన నష్టాన్ని తలచుకుంటే గుండె మండుతుంది. అమావాస్య రాత్రి పలుగులు పట్టుకుపోయి విగ్రహం కింద తవ్వడం, నంది పొట్ట పగలగొట్టడం, శాసనం ఉన్న బండకు మందు పెట్టడం. దొరికేది శూన్యం, పోయేది వెయ్యేళ్ల చరిత్ర. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయల అంకె అప్పటిదే.

జియోకాషింగ్ నియమాల్లో స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి పూడ్చడం నిషేధం. తవ్వకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు, బండ మీద రంగు పూయకూడదు. మంథని దగ్గరి రామగిరి ఖిల్లా, మందమర్రి వైపు గాంధారి ఖిల్లా ఎక్కే యువకులు ఈ మూడూ పాటిస్తే చాలు. రామగిరి మీదికి జనం శతాబ్దాలుగా ఏదో ఒకటి తెచ్చుకోవడానికే పోతున్నారు. అది మూలికల కొండ. తెలిసిన వైద్యుడు వేరంతా పీకడు, మొక్క మళ్లీ చిగురించేలా కొంత వదిలి తీస్తాడు.

*

వెల్గటూరు మండలం కోటిలింగాలలో వానలు కురిసి గోదావరి ఒడ్డు కోసుకుపోయినప్పుడల్లా నాణేలు బయటపడేవి. ఊరివాళ్లు ఏరినవి కొన్ని, ఆసక్తితో సేకరించినవాళ్లు భద్రపరిచినవి కొన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల కంటపడ్డాయి. గోబద, నారన, సమగోప అనే పేర్లు చరిత్రలోకి వచ్చింది వాటివల్లే. శాతవాహన వంశానికి మొదటివాడైన చిముకుడి పేరున్న నాణేలు కూడా అక్కడే దొరికాయి. పది పైసలంత లేని ఆ లోహపు ముక్కలను పాత సామానుకు అమ్ముకుంటే శాతవాహనుల తొలి అధ్యాయంలో పెద్ద ఖాళీ మిగిలేది. దొరికిన చోటు చెప్పడం వల్లే వాటికి విలువ. ఎక్కడిదో తెలియని నాణెం ఒక అందమైన వస్తువు, అంతే.

*

ఇక గుట్ట మీద పేరు రాసి రావడం.

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. బండ మీద చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు, వాటి కింద పదకొండు పంక్తుల శాసనం. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. కాలం పదో శతాబ్దం, 945 ప్రాంతం. అప్పటికి నన్నయ భారతం ఇంకా నూరేళ్ల దూరంలో ఉంది. శాసనంలో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, చివర తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. మనకు తెలిసినంతలో తెలుగు కందానికి ఇదే తొలి ఆనవాలు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చేదాకా జరిగిన వాదనల్లో ఈ గుట్టను కూడా సాక్ష్యంగా చూపారు.

జినవల్లభుడు తాను వచ్చానని మాత్రమే రాసి ఊరుకోలేదు. తమ వంశం ఎక్కడిదో, అన్నకు వేములవాడ చాళుక్య రాజు అరికేసరి ధర్మపురి అగ్రహారం ఎట్లా ఇచ్చాడో, ఈ గుట్టను వృషభాద్రి అంటారని, తాను త్రిభువనతిలకం అనే బసది (జైన ఆలయం) కట్టించానని, కవితాగుణార్ణవం అనే చెరువు తవ్వించానని, మదనవిలాసం అనే తోట వేయించానని చెప్పాడు. బసది పోయింది, తోట పోయింది, రాత నిలిచింది. గుట్ట ఎక్కి పేరు రాసినవాళ్లలో ఇంత వివరంగా, ఇంత పద్ధతిగా రాసిపెట్టినవాడు నాకింకొకడు కనిపించలేదు. దీని చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయికి ప్రపంచమంతటా గిరాకీ. గుట్టలు ముక్కలై లారీలెక్కుతున్న చోట ఒక గుట్ట తన మీద ఉన్న అక్షరాల వల్ల బతకాల్సి ఉంది. అక్కడికి పోయేవాళ్లు చేయాల్సింది రెండే పనులు. పద్యాల మీద సుద్ద రుద్దకుండా పక్క వెలుగులో ఫొటో తీయడం, కింద ఊళ్లో పిల్లలకు ఆ ఫొటో చూపించి చదివి వినిపించడం. సొంత పేరు చెక్కాలనుకునేవాళ్లు మాత్రం ఆ గుట్ట ఎక్కవద్దు.

*

దారిలో ఎవరో వదిలిన వస్తువును తీసుకుని ఇంకో గుట్ట మీది డబ్బాలో పెట్టే ఆట కూడా జియోకాషింగ్‌లో ఉంది. ఒక లోహపు బిళ్ల మీద గుర్తింపు కోడ్ ఉంటుంది. అది చేతులు మారుతూ దేశాలు తిరుగుతుంది, ప్రతి మజిలీ నమోదవుతుంది. 2008లో రిచర్డ్ గారియట్ అనే ఆయన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక కాష్ పెట్టి వచ్చాడు. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్ తన పరికరంలో ఇలాంటి కోడ్ ఒకటి మోసుకుపోయింది.

*

అడవిలోకి పోయేముందు తెలిసి ఉండాల్సినవి కొన్ని. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. కోర్ ప్రాంతంలో అటవీ శాఖ అనుమతి లేకుండా కాలు పెట్టడం నేరం. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి వస్తుంటాయి, వాటికి మన సరిహద్దు గీతలు లేవు. రిజర్వ్ ఫారెస్ట్‌లో డబ్బా పెట్టాలన్నా అనుమతి కావాలి. జంగుబాయి గుహలాంటి పూజాస్థలాల్లో అసలు పెట్టకూడదు, అది అడిగి తెలుసుకునే విషయం కూడా కాదు. ఇంకొకటి చాలామందికి తెలియదు. జీపీఎస్ రిసీవర్ మన దేశంలో వాడుకోవచ్చు గానీ, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే పరికరాలు, శాటిలైట్ ఫోన్లు లైసెన్స్ లేకుండా వాడితే కేసు అవుతుంది. విదేశాల నుంచి సెలవులకు వచ్చి గుట్టలెక్కే మన పిల్లలకు ముందే చెప్పాలి.

*

డబ్బా లేని కాష్‌లు కూడా ఉన్నాయి. 2004లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎర్త్‌కాష్ పద్ధతికి అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం అండ ఉంది. చోటుకు పోవాలి, అక్కడి రాయిని, నేలను చూసి అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. తెచ్చుకునేది ఏమీ ఉండదు, పెట్టేది ఏమీ ఉండదు. అనుమతుల తకరారు, ప్లాస్టిక్ బెడద లేని ఈ పద్ధతి మన అడవులకు బాగా నప్పుతుందని నా గట్టి నమ్మకం.

ప్రశ్నలకు కొదవ లేదు. పాత ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత వైపు యామన్‌పల్లి అనే పల్లె ఉంది. 1970ల చివర అక్కడి జురాసిక్ కాలపు రాతిపొరల్లో 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకలు దొరికాయి. కనీసం పన్నెండు జంతువులవి. 1988లో భూగర్భ శాస్త్రవేత్త యాదగిరి ఆ రాక్షసబల్లికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ పొడవు మెడ శాకాహారికి కాళ్లు దొరికాయి, వెన్నెముక దొరికింది, కొన్ని పళ్లు దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. స్కూలు పిల్లలు దాని కింద నిలబడి ఫొటోలు దిగుతారు. అది ఏ ఊరిదని అడిగితే చెప్పగలిగేవాళ్లు అరుదు. ఆ పల్లె దగ్గర ఒక ఎర్త్‌కాష్ పెట్టి మొదటి ప్రశ్నగా ఇది అడగవచ్చు: ఇక్కడి నేల ఏ రంగు, అందులో గుండ్రటి గులకరాళ్లున్నాయా, ఉంటే ఆ రోజుల్లో ఇక్కడ పారింది వాగా, నదా?